లక్ష్మీనర్సమ్మ చెప్పని నంబరు

ఆ శనివారం పొద్దున చిదంబరం వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. టిఫిను తినాలి. ఈ-మెయిల్ పాస్‌వర్డు మార్చాలి. ఉప్పల్ వెళ్ళి కాగితాలు ప్రింటు తీయించుకోవాలి. తిరిగొచ్చి భోంచేసి కాసేపు నడుం వాల్చాలి. మర్నాడు జీవితంలో మొదటిసారి విమానం ఎక్కబోతున్నాడు కాబట్టి ముందురోజు ఎండలో తిరగొద్దని భార్య త్రిపురసుందరి గట్టిగా చెప్పింది.

చిదంబరం ఉప్పల్ అవతల ఒక ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. ఊరు గోదావరి జిల్లా, కాపురం నాచారం హెచ్.ఎం.టి. నగర్‌లో. మలేషియాలోని పెనాంగ్‌లో విద్యార్థులకోసం అంతర్జాతీయ సైబర్ భద్రతా శిబిరం ఒకటి జరుగుతుంది. దొంగలు కంప్యూటర్లలోకి ఎలా దూరతారో, వాళ్ళని ఎలా ఆపాలో అక్కడ పిల్లలకు నేర్పుతారు. పాఠాలు చెప్పడానికీ, పిల్లల్ని కనిపెట్టుకుని ఉండడానికీ రకరకాల దేశాల నుంచి పంతుళ్ళని పిలుస్తారు. 2013లో ఆ పిలుపు చిదంబరానికి వచ్చింది. ఆయనకిచ్చిన పాఠం పేరు 'పాస్‌వర్డుతో జాగ్రత్త'.

ఆయన కాలేజీ నుంచే పద్మశ్రీ అనే అమ్మాయి కూడా శిబిరానికి ఎంపికైంది. చురుకైన పిల్ల. తండ్రి కనకరాజు నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరు. కూతుర్ని దేశం దాటించడానికి ఆయన్ని ఒప్పించేసరికి చిదంబరానికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఆయన ఒకే ఒక్క మాట అన్నాడు. "సార్, మీరు వోతున్నరు గాబట్టి పంపుతున్న. గంతే. మీరు లేకుంటే నా బిడ్డ ఉప్పల్ చౌరస్తా గూడ దాటది."

ఆ మాట చిదంబరం గుండెల మీద పెట్టుకున్నాడు. ఇద్దరి టిక్కెట్లూ, అక్కడ విమానం దిగగానే చూపించాల్సిన ఆహ్వానపత్రాలూ ఆయన మెయిల్‌కే వచ్చాయి. భద్రత దృష్ట్యా బృంద నాయకుడికి తప్ప ఇంకెవరికీ పంపబోమని శిబిరం వాళ్ళు ముందే రాశారు.

పాస్‌వర్డుల విషయంలో చిదంబరానికి కొన్ని సిద్ధాంతాలున్నాయి. పేర్లు పెట్టకూడదు, పుట్టినరోజులు పెట్టకూడదు, ఎక్కడా రాసుకోకూడదు. పొడుగాటి వాక్యం పెట్టుకోవాలి, అదీ పరాయిదేశపు దొంగకి అంతుపట్టని భాషలో. పిల్లలకి చెప్పేముందు తాను ఆచరించాలి కదా అని కంప్యూటరు ముందు కూర్చుని వాక్యం కోసం వెతుక్కుంటూ ఉండగా త్రిపురసుందరి పెసరట్టు ప్లేటు తెచ్చి పక్కన పెట్టింది. ఒక ముక్క నోట్లో పెట్టుకోగానే ఆయనకి కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. వెనకాలే వాక్యమూ వచ్చింది. 'మా ఇంట్లో పెసరట్టులో అల్లం ఎక్కువ' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. నిర్ధారణ కోసం ఇంకోసారి అడిగితే ఇంకోసారి కొట్టాడు. పాస్‌వర్డు మారిందని తెర మీద పచ్చటి అక్షరాలు మెరిశాయి. ఆ వెంటనే కరెంటు పోయింది.

కరెంటు వచ్చేసరికి పెసరట్టు చల్లారింది. వాక్యం గుర్తుంది. దాన్ని ఇంగ్లీషులో ఎలా రాశాడో గుర్తు లేదు.

ఒకలా కొట్టాడు. తప్పన్నది కంప్యూటరు. ఇంకోలా కొట్టాడు. అదీ తప్పే. అల్లానికి ఒక 'ఎల్' తీసేసి చూశాడు. ఎక్కువకి ముందు 'వై' చేర్చి చూశాడు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

"సుందరీ! పెసరట్టుకి టీ ఒకటా, రెండా?"

వంటింట్లోంచి జవాబొచ్చింది. "పెసరట్టుకి ఒకటే టీ అండీ. రెండోసారి పెట్టడానికి పాలు లేవు."

"ఆ టీ కాదే బాబూ, అక్షరం!"

త్రిపురసుందరి చేయి తుడుచుకుంటూ వచ్చింది. విషయం చెప్పక తప్పలేదు. ఆవిడ వాక్యమంతా విని నడుం మీద చెయ్యి వేసుకుంది.

"అయితే పది దేశాల వాళ్ళ ముందు నా పెసరట్టు గురించి ఇలా చెప్పుకుంటారా?"

"ఎవరికీ చెప్పను. అది రహస్యం."

"పెళ్ళయినప్పట్నుంచీ నా దగ్గర కూడా రహస్యంగానే ఉంచారు. పోనీ ఇప్పటికైనా బయటపడ్డారు" అంటూ ఆవిడ ఆ ప్లేటు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మరికొన్ని రకాల అల్లం ప్రయత్నించాక కంప్యూటరు విసుగెత్తి, ఇక చాలు, మీ ఫోనుకి ఒక నంబరు పంపిస్తాం, అది కొట్టి లోపలికి రండి అన్నది. చిదంబరానికి ప్రాణం లేచొచ్చింది. మీట నొక్కి, ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఫోను మోగలేదు. అప్పుడు తెర వైపు పరీక్షగా చూశాడు. వాళ్ళు పంపించింది చివర నలభై ఏడు ఉన్న నంబరుకి. అది ఆయన పాత నంబరు. కాలేజీ వాళ్ళు ఉచితంగా కొత్త సిమ్ము ఇచ్చినప్పుడు పాతది వదిలేశాడు. కంపెనీ వాళ్ళు దాన్ని ఇంకెవరికో ఇచ్చేసి ఉంటారు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో స్కూటరు ఆగింది.

"నమస్తే సార్" అంటూ కనకరాజు లోపలికొచ్చాడు. "కాయితాలు ఒక్కసారి కండ్లతోని సూసి పోదామని వచ్చిన. మా పద్మ పొద్దుగాల్నే లేసి కొత్త బూట్లేస్కోని ఇంట్లనే తిరుగుతున్నది."

"కూర్చోండి కనకరాజుగారూ, ఒక్క ఫోన్ చేసుకుంటా" అని చిదంబరం తన పాత నంబరుకి తానే ఫోన్ చేశాడు.

"ఎవలు?" అన్నది అవతల్నించి ఒక ఆడగొంతు. ఆ గొంతు వినగానే చిదంబరం తెలియకుండానే లేచి నిలబడ్డాడు.

"నమస్కారమమ్మా. ఇప్పుడే మీ ఫోనుకి ఒక మెసేజీ వచ్చి ఉంటుంది. అందులో ఒక నంబరుంటుంది."

"ఉన్నది."

"అది కాస్త చెప్తారా?"

"ఎందుకు జెప్పాలె?"

"అది నాదమ్మా. పొరపాటున మీకొచ్చింది."

"ఇగో, నాకు గివన్నీ ఎర్కే. మొన్న కేబుల్ టీవీల ఒక సారు మంచిగ జెప్పిండు. ఎవడన్న ఫోన్ జేసి నంబర్ అడిగిన్రంటే వాడు పక్కా దొంగ అన్నడు. మంచిగ మాట్లాడ్తరు, ఏడుస్తరు, అయినా జెప్పొద్దన్నడు."

చిదంబరం మొహం వెలిగిపోయింది. "అమ్మా! ఆ టీవీలో చెప్పింది నేనే!"

"సూడు మల్ల! గా సారు గది గూడ జెప్పిండు. రేపు నా పేరు జెప్పుకోని ఎవడన్న ఫోన్ జేసినా నమ్మొద్దు అన్నడు. ఎంత తెలివిగల్లోడు! నీ సంగతి ముందే ఎర్క ఆయనకు." ఫోను పెట్టేసింది.

ఆ మాట తాను అన్నట్టు చిదంబరానికి గుర్తొచ్చింది. కెమెరా ముందు ఉత్సాహంలో అన్నాడు. యాంకరు చప్పట్లు కూడా కొట్టింది.

మళ్ళీ చేస్తే ఆవిడ ఎత్తలేదు. కనకరాజు ఫోన్ అడిగి తీసుకుని చేశాడు. ఎత్తింది. "ఓహో, ఇప్పుడు వేరే నంబర్‌కెల్లి జేస్తున్నవా? ఈ నంబర్ గూడ రాస్కుంటున్న" అన్నది. ఆడవాళ్ళు మాట్లాడితే మెత్తబడుతుందేమోనని త్రిపురసుందరి తన ఫోన్‌లోంచి తీయగా పలకరించింది. "నువ్వెవలమ్మా, గా దొంగ పెండ్లామా? ఇంటిల్లిపాది గిదే దందానా?" అన్నది ఆ గొంతు. "దమ్ముంటే నా ముంగటికి రమ్మను. లాలాపేట్ ఫ్లైఓవర్ పక్కన లక్ష్మీనర్సమ్మ ఫంక్షన్ హాల్ అంటే ఎవలైనా జూపిస్తరు."

త్రిపురసుందరి ఫోన్ కింద పెట్టి, "నన్ను దొంగ పెళ్ళాం అన్నదండీ" అన్నది భర్త వంక చూస్తూ.

కనకరాజు అంతవరకూ చూస్తూనే ఉన్నాడు. "సార్, కాయితాలు ఉన్నయా, లేవా?" అని మెల్లగా అడిగాడు.

"ఉన్నాయండీ. లోపలున్నాయి. తాళం చెవి మాత్రం లాలాపేట్‌లో ఉంది."

ఇద్దరూ కనకరాజు స్కూటరు మీద బయల్దేరారు. హబ్సిగూడ దగ్గర మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్వి పెట్టారు. లారీలు లేపుతున్న ఎర్రదుమ్ములోంచి తార్నాక చేరేసరికి చిదంబరం జుట్టు, కనుబొమ్మలు, చొక్కా అన్నీ ఒకే రంగులోకి వచ్చాయి. లాలాపేట్ ఫ్లైఓవర్ పక్కన ఫంక్షన్ హాలు ఎవరినీ అడక్కుండానే కనిపించింది. గేటు మీద యజమానురాలి ఫొటో గేటంత ఉంది.

లోపల సాయంత్రం జరగబోయే ఓణీల ఫంక్షనుకి పూలు కడుతున్నారు. లక్ష్మీనర్సమ్మ మధ్యలో కుర్చీ వేసుకుని పనివాళ్ళని అదిలిస్తోంది. నిండైన మనిషి, పెద్ద బొట్టు. చేతిలోని ఫోను నలభై ఏడు నంబరుదేనని చిదంబరానికి చూడగానే తెలిసిపోయింది.

"అమ్మా, ఇందాక ఫోన్ చేసింది నేనే" అన్నాడు.

హాల్లో పూలు కట్టడం ఆగిపోయింది. లక్ష్మీనర్సమ్మ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"మస్తు ధైర్యం ఉన్నది నీకు. టీవీల గా సారు తెల్లగ మెరుస్తుండె, కోటేస్కోని మంచిగుండె. నువ్వేమో ఇటుకబట్టీల కెల్లి వచ్చినట్టున్నవ్. కూసో" అని వేదిక మీద ఓణీల అమ్మాయి కోసం అలంకరించిన ఎర్ర మఖమలు సింహాసనం చూపించింది. అక్కడ వేరే కుర్చీ లేదు. చిదంబరం దాని అంచున కూర్చున్నాడు. వెనకాల కాగితపు నెమలి పింఛం విప్పుకుని ఉంది. వంటవాళ్ళు గరిటెలతో సహా చూడ్డానికి వచ్చారు.

"పేరేంది?"

"చిదంబరం."

ఆ పేరు వినగానే లక్ష్మీనర్సమ్మ కుర్చీలోంచి లేచింది. "చిదంబరమా! గీ నంబర్ తీస్కున్న కాడికెల్లి నా పానం దీస్తున్న చిదంబరం పేరు జెప్తున్నవా? గ్యాసోళ్ళు చిదంబరం ఉన్నడా అంటరు. బీమావోళ్ళు చిదంబరం ఉన్నడా అంటరు. గాయన పిన్ని సామర్లకోటల ఉంటది, మంగతాయారక్క. మొదట్ల రాంగ్ నంబరే. మల్ల మల్ల జేసి దోస్తులమైనం. ప్రతి ఆదివారం గంట సేపు మాట్లాడుకుంటం. మా చిదంబరం అంటే బంగారం అంటది అక్క. గసొంటి మనిషి పేరు నువ్వు ఖరాబ్ జేస్తవా?"

మంగతాయారు పిన్ని పేరు వినగానే చిదంబరం తల దించుకున్నాడు. ఇంటర్ చదివినన్నాళ్ళూ ఆవిడ ఇంట్లోనే ఉన్నాడు. సిమ్ము మారినప్పుడు పిన్నికి నంబరు చెప్పాలనుకున్నాడు. ఈవారం, పైవారం అనుకుంటూ ఆలస్యమయ్యాక, ఇంతకాలం చెప్పనందుకు ఏమంటుందోనని ఇంకాస్త ఆలస్యం చేశాడు.

"ఆవిడ మా పిన్నేనండీ! ఆవిడకే ఫోన్ చెయ్యండి. ఆవిడే చెప్తుంది" అన్నాడు.

"జేస్తా. నాకేం భయం?" లక్ష్మీనర్సమ్మ ఫోను స్పీకర్‌లో పెట్టింది.  "అక్కా, ఈడ ఒకడు నేనే చిదంబరం అని కూసున్నడు. మీ వోడేనా?"

 అవతల్నించి మంగతాయారు గొంతు నిదానంగా వినిపించింది.

"ఏ చిదంబరం అమ్మాయ్? నాకో చిదంబరం ఉండేవాడు. వాడు పిన్నికి చెప్పకుండా మంచినీళ్ళు కూడా తాగేవాడు కాదు. ఫోను మార్చుకుని పిన్నికి నంబరివ్వనివాడు మావాడు ఎలా అవుతాడు? నాకు అలాంటివాళ్ళు ఎవరూ తెలీదు."

ఫోన్ పెట్టేసిన చప్పుడు స్పీకర్‌లో పెద్దగా వినపడింది. వంటవాళ్ళలో ఒకడు వెళ్ళి గేటు గొళ్ళెం పెట్టాడు.

"ఇగ పోలీసులకే జేస్తా" అన్నది లక్ష్మీనర్సమ్మ. తర్వాత కనకరాజు వైపు తిరిగింది. "నువ్వెవలు? ఈయన గ్యాంగేనా?"

"నాకేం సంబంధం లేదమ్మా" అన్నాడు కనకరాజు ఒక అడుగు వెనక్కి వేసి. "స్కూటర్ ఒక్కటే నాది."

అని మళ్ళీ తానే వేదిక దగ్గరికి వచ్చి, చిదంబరానికి మాత్రమే వినబడేలా అన్నాడు. "సార్, నేను మిమ్ములను అనుమానిస్తలే. గని ఇంటికి వోయి నా బిడ్డకు ఏం జెప్పాలె? మీ సార్‌ను సొంత పిన్ని గూడ ఎర్కలేదన్నది అని జెప్పాల్నా? బూట్లు ఇప్పెయ్యమని జెప్పాల్నా?"

 ఆ పిల్ల ఎన్ని పోటీల్లో నెగ్గి ఈ అవకాశం తెచ్చుకుందో చిదంబరానికి తెలుసు. ఒక అల్లం ముక్క మీద, రెండు అక్షరాల మీద, ఇవ్వని ఒక ఫోను నంబరు మీద ఆమె ప్రయాణం ఆగిపోతోంది. ఆయన సింహాసనం మీంచి లేచాడు.

"అమ్మా, మీరు ఆ నంబరు నాకు చెప్పొద్దు. పోలీసులకి ఫోన్ చెయ్యండి, నేను ఎక్కడికీ పోను. దానికి ముందు పిన్నితో ఒక్క మాట మాట్లాడనివ్వండి. నంబరు కోసం కాదు."

లక్ష్మీనర్సమ్మ ఆయన మొహం వంక కాసేపు చూసి, ఏమనుకుందో, మళ్ళీ కలిపింది.

"పిన్నీ, పెట్టెయ్యకు. నేనే. తప్పు నాదే. రేపు విమానం ఎక్కుతున్నాను, మలేషియా వెళ్తున్నాను. నీకు చెప్పకుండా ఎక్కబోయాను."

 అవతల్నించి ఒక్కసారిగా కేక.

"విమానమా! ఒరేయ్, నీకు బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది కదరా! కాకినాడ బస్సులో నా కొత్త పట్టుచీర మీద కక్కింది మర్చిపోయావా? కిటికీ పక్కన కూర్చుని కూడా లోపలికే కక్కావు! విమానంలో కిటికీ తీస్తారో లేదో! మాత్రలేసుకున్నావా? సుందరి పెట్టిందా?"

వంటవాళ్ళు పడీపడీ నవ్వారు. చిదంబరం ఎర్రదుమ్ములో ఇంకా ఎర్రబడ్డాడు. "వేసుకుంటాను పిన్నీ" అన్నాడు.

"వేసుకో. ఏమ్మా లక్ష్మీ, వీడు మావాడేనే. సందేహముంటే ఎడం చెవి వెనక చూడు. పుట్టుమచ్చ ఉంటుంది, కందిగింజంత."

లక్ష్మీనర్సమ్మ వేదికెక్కి, చిదంబరం చెవిని ముందుకి మడిచి, పమిటచెంగుతో దుమ్ము తుడిచి, వంగి చూసింది. ఆవిడ వెనక వంటవాళ్ళు, పూలవాళ్ళు, ఆఖరికి కనకరాజు కూడా వరసగా వంగి చూశారు.

"ఉన్నది అక్కా. మీ వోడే" అని ప్రకటించి, చిదంబరం వీపు మీద ఒకటి చరిచింది. "ఏం తమ్ముడూ, పిన్నికి నంబర్ ఇయ్యనీకి ఏం రోగం నీకు? మొదాల్నే ఇచ్చుంటే గింత లొల్లి లేకుండె గద!"

ఆయన తల వంచుకుని, "ఇప్పుడు ఆ మెసేజీలో నంబరు..." అన్నాడు.

"గదా? అప్పుడే తీసేసిన. వచ్చినయి వచ్చినట్టు తీసెయ్యమని నువ్వే గద జెప్పినవ్ టీవీల!"

త్రిపురసుందరికి ఫోన్ చేసి, కంప్యూటర్లో మళ్ళీ మీట నొక్కమన్నారు. ఆవిడ నొక్కింది. లక్ష్మీనర్సమ్మ ఫోను టింగుమంది. చిదంబరం, కనకరాజు ఆశగా ఆవిడ వంక చూశారు. ఆవిడ మెసేజీ చదువుకుని, చుట్టూ ఉన్న జనాన్ని చూసి, ఫోను పర్సులో పెట్టుకుంది.

"ఇంతమందిల ఎట్ల జెప్త? ఫోన్ల మీ ఇంటామెకు జెప్తే మధ్యల ఎవడన్న ఇంటే? నేనే వస్త. నా ఏలుతోనే కొడ్త."

ఎంత బతిమాలినా వినలేదు. ఓణీల ఫంక్షన్ పనులన్నీ మేనేజరుకి అప్పగించి, తన కారు తీయించి, మళ్ళీ ఆ గోతుల వెంబడి నాచారం వచ్చింది. ఈలోగా ఆ నంబరుకి గడువు తీరిపోయింది. ఇంకోటి తెప్పించారు. లక్ష్మీనర్సమ్మ అందరినీ గోడవైపు తిరగమంది. చిదంబరం, కనకరాజు, త్రిపురసుందరి గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఆవిడ ఒక చేత్తో కీబోర్డుని కప్పి, ఇంకో చేతి చూపుడువేలితో, అంకె అంకెకీ మధ్య ఊపిరి పీల్చుకుంటూ కొట్టింది. మెయిల్ తెరుచుకుంది. ఆహ్వానపత్రాలు, టిక్కెట్లు అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. కనకరాజు ముందుకొచ్చి తెర మీద తన కూతురి పేరుని వేలితో తడిమి చూసి, బయటికెళ్ళి స్కూటరు దగ్గర కాసేపు నిలబడ్డాడు.

త్రిపురసుందరి తనని ఎంత మాటన్నా మర్యాద తప్పకూడదని లక్ష్మీనర్సమ్మకి పెసరట్టు పెట్టింది. "మస్తున్నది వదినా! గీ అల్లమే దీని జాన్" అన్నది లక్ష్మీనర్సమ్మ. ఆ మాటతో త్రిపురసుందరి దొంగ పెళ్ళాం సంగతి పూర్తిగా మర్చిపోయి, ఇంకోటి వేసింది.

మర్నాడు విమానంలో చిదంబరానికి కడుపులో తిప్పింది. పిన్ని చెప్పిన మాత్ర కొంతవరకే పనిచేసింది, మిగతాదానికి పద్మశ్రీ ఇచ్చిన కాగితం సంచీ పనికొచ్చింది. ఆ పిల్ల మాత్రం కిటికీలోంచి కళ్ళు తిప్పలేదు.

పెనాంగ్‌లో 'పాస్‌వర్డుతో జాగ్రత్త' పాఠం రెండో రోజు పెట్టారు. చిదంబరం తయారు చేసుకున్న ఉపన్యాసం తీసి వేదిక ఎక్కాడు. ఎదురుగా రకరకాల దేశాల పిల్లలు. మొదటి వాక్యం చదవబోయి ఆగాడు. ఎందుకో ఆ సిద్ధాంతాలు చెప్పడానికి నోరు రాలేదు. కాగితాలు మడిచి పక్కన పెట్టి, పెసరట్టు దగ్గర్నుంచి పుట్టుమచ్చ దాకా జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. పిల్లలు నవ్వి నవ్వి బల్లలు చరిచారు. పాఠం అయ్యాక శిబిరం అధికారిణి ఆయన దగ్గరికి వచ్చింది. ఆవిడ నవ్వడం లేదు. తనని పిలిచి తప్పు చేశామనుకుంటోందేమోనని చిదంబరం కాగితాలు సర్దుకోబోయాడు.

"ఆ లాలాపేట్ ఆవిడ ఫోను నంబరు మీ దగ్గరుందా?" అని అడిగిందావిడ.

మాటలతో మభ్యపెట్టి రహస్యం రాబట్టడం ఎలాగో, రాబట్టకుండా కాచుకోవడం ఎలాగో నేర్పడం శిబిరంలో ఒక ముఖ్యమైన పాఠమట. దానికి తగిన మనిషి ఎప్పుడూ దొరకలేదట. చిదంబరం ఫోన్ చేసి అడిగితే లక్ష్మీనర్సమ్మ ఉబ్బితబ్బిబ్బయింది. ఒక నంబరు ఆవిడకి చెప్పి ఉంచారు. ఎవరు దాన్ని ఆవిడ నోటినుంచి రాబడితే వాళ్ళదే గెలుపు. పద్మశ్రీ పక్కన కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు తర్జుమా చేస్తుంది.

పిల్లలు ఒక్కొక్కళ్ళే ప్రయత్నించారు. ఒకడు బ్యాంకు మేనేజరునన్నాడు. ఏ గల్లీల బ్యాంకు, మీ అటెండర్ పేరేందని ఆవిడ ఎదురడిగితే తడబడి పెట్టేశాడు. ఒకమ్మాయి తల్లికి జబ్బని ఏడ్చింది. లక్ష్మీనర్సమ్మ కూడా ఏడ్చింది గానీ నంబరు చెప్పలేదు. లాటరీ తగిలిందన్నవాడితో, ఆ డబ్బులేవో నువ్వే ఉంచుకుని మంచిగ చదువుకో బిడ్డా అన్నది. ఒక పొడుగాటి అబ్బాయి ఏ అబద్ధమూ తోచక మెదలకుండా ఉండిపోతే, తిన్నవా బిడ్డా అని అడిగింది. వాడు తినలేదన్నాడు. తిన్నాకనే ఫోన్ చెయ్యమని పెట్టేసింది.

సాయంత్రానికి అందరూ ఓడిపోయారు. అధికారిణి మర్యాదగా ఆవిడకి అభినందనలు చెప్పమన్నది. పద్మశ్రీ చెప్పింది. అటునుంచి వచ్చిన మాట విని మాత్రం తర్జుమా చెయ్యడానికి కాస్త తటపటాయించింది.

"ఏమంటోంది?" అని అడిగాడు చిదంబరం.

"మంచిగ చదువుకునే పిల్లలే గని అమాయకులు అంటోంది సార్. మీరు ఫోన్ ఎట్ల చేస్తున్నరు బిడ్డా, ఇంటర్నెట్టా, దానికి తాళం గిట్ల ఉంటదా అని మాటల్లో అడిగింది. మనవాళ్ళు ఈ శిబిరం వై-ఫై పాస్‌వర్డు చెప్పేశారు, నేనూ తర్జుమా చేసేశాను. సరిగ్గుందో లేదో సూడమని చదువుతోంది."

సరిగ్గానే ఉంది. అధికారిణి గబగబా లేచి వెళ్ళి శిబిరమంతటి పాస్‌వర్డూ మార్పించింది. కొత్తది చిదంబరానికి చెప్పలేదు.

ముగింపు రోజున పద్మశ్రీకి పోటీల్లో రెండో బహుమతి వచ్చింది. విమానాశ్రయానికి వచ్చిన కనకరాజు ఆ బహుమతిని చేతుల్లోకి తీసుకుని, చిదంబరం చేతిలో పెట్టె లాక్కుని తానే మోశాడు. చిదంబరానికి పాల్గొన్నట్టుగా ఒక ధ్రువపత్రం ఇచ్చారు. అది ఆయన ముందుగా సామర్లకోట తీసుకెళ్ళి పిన్నికి చూపించాడు.

ఆ సంవత్సరపు ఉత్తమ శిక్షకురాలి ప్రశంసాపత్రాన్ని మాత్రం శిబిరం వాళ్ళు పెనాంగ్ నుంచి నేరుగా లాలాపేట్‌కి కొరియర్‌లో పంపించారు. అది తెచ్చినతను గేటు దగ్గర నిలబడి, ఒక సంతకం పెట్టి ఫోను నంబరు చెప్పమన్నాడు.

తాజా సమాచారం ప్రకారం అతను ఎర్ర మఖమలు సింహాసనం మీద కూర్చుని, వాళ్ళ పిన్ని ఫోను ఎత్తడం కోసం ఎదురు చూస్తున్నాడు.